అమలమ్మ దిద్దిన పేజీ

కంపోజిటర్ అమలమ్మకు దెయ్యాలంటే భయం లేదు. పన్నెండేళ్ళుగా గవర్నరుపేటలోని ఒక చిన్న ప్రెస్సులో రోజంతా నిలబడి, సీసపు అక్షరాలతో దెయ్యాల్ని పేర్చి పేర్చి, వాటిమీద ఆమెకు విసుగు తప్ప మరేమీ మిగల్లేదు. ప్రెస్సు యజమాని రామకోటేశ్వరరావు నడిపే 'అగోచరం' మాసపత్రికలో నెలకు నాలుగు కథలు పడేవి. ఒకదాంట్లో ఆకాశం నుంచి ఏదో ఊడిపడుతుంది, ఒకదాంట్లో శవం లేస్తుంది, మిగిలిన రెండింట్లో ఎవరో తెల్లచీర కట్టుకుని పాడుతూ తిరుగుతుంది. "తలుపు కిర్రుమనకపోతే ఈ రచయితలకి అన్నం సయించదనుకుంటా" అని మెషీన్ నడిపే కాశింతో అంటూ ఉండేది.

డెబ్బై నాలుగు వేసవిలో, మరుభూమి అనే కలం పేరుతో ఒకతను రాయడం మొదలుపెట్టాక ఆమెకు నవ్వులాట తగ్గింది.

అతని మొదటి కథలో, గన్నవరం దగ్గర నూతిలోకి దిగిన ఒక మనిషి ఒంట్లో నీటిచుక్క లేకుండా ఎండిపోతాడు. పత్రిక శుక్రవారం బస్టాండు కొట్లకు చేరింది. శనివారం దినపత్రికలో అదే నుయ్యి, అదే చావు. కాకతాళీయం అన్నారు రావుగారు, ఇంకో అయిదొందల కాపీలు వెయ్యమన్నారు.

రెండో కథ కాశిం కాపురం ఉండే వీధి గురించి. గోడల్లో తడి మొత్తం ఎవరో పీల్చేసినట్టు ఆరిపోయి 'పాత మేడ కూలింది' అని రాశాడు మరుభూమి. ఆ మేడ కింది వాటాలోనే కాశిం, భార్య బేగం బీ, అయిదుగురు పిల్లలు ఉంటారు. అయితే వాడేసిన టైపును తిరిగి అక్షరాల పెట్టె గళ్ళలో పోసేటప్పుడు ఎవరి చెయ్యి తప్పిందో, 'డ' గడిలో ఒక 'క' పడింది. అమలమ్మ వేళ్ళకు అదే తగిలింది. ప్రూఫు చూసినవాళ్ళ కంటికి ఆనలేదు. 'పాత మేక కూలింది' అని అచ్చయింది.

శుక్రవారం పొద్దున్న ఆ మేడ ముందు రావి రొట్ట నములుతున్న బేగం బీ ముసలి మేక, నిలబడ్డది నిలబడ్డట్టే కూలింది. ఎత్తి చూస్తే ఎండు చేపంత బరువుంది. మేడ మీద సున్నం పెళ్ళ కూడా రాలలేదు.

"చెల్లెమ్మా, నీ చేతి తప్పు మమ్మల్ని బతికించింది" అన్నాడు కాశిం, రెండు చేతులూ జోడించి. ఆ మనిషి రాసింది జరగడం లేదు, అచ్చులో పడింది జరుగుతోంది. ఆ సంగతి ఆ ప్రెస్సులో వాళ్ళిద్దరికే అర్థమైంది.

జూన్ మొదటి వారంలో మూడో కథ పట్టుకుని మరుభూమి స్వయంగా వచ్చాడు. రోళ్ళు పగిలే ఎండలో మెడదాకా గుండీలు పెట్టుకుని, ఒంటిమీద చెమట చుక్క లేకుండా ముందుగదిలో కూర్చున్నాడు. కూర్చున్నవాడు కుండలో నీళ్ళన్నీ తాగేశాడు. రెండో కుండ తెప్పిస్తే అదీ తాగేశాడు. టైపు కడిగే కిరసనాయిలు వాసన పడదట, లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు. ఎవరినీ అండీ అనడు, గారూ అనడు. యజమానిని పట్టుకుని "నీవు" అన్నాడు. గొప్ప రచయితలు అలాగే ఉంటారని రావుగారు మురిసిపోయారు.

లోపల అమలమ్మ కథ పేర్చుతోంది. నీళ్ళు లేని ఏదో లోకం నుంచి దాహంతో బయల్దేరిన 'అతడు' కృష్ణకు చేరాడు. కాలవలకు నీళ్ళు వదిలే రోజున లాకు తలుపు తెరుచుకుంటే చాలు, డెల్టా అంతా అతడిదే. తలుపు తెరిచినవాణ్ణి మొదట తాగుతాడు. ఆఖరి రెండు వాక్యాలకు వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

'ఏసుపాదం లాకు తలుపు తెరిచాడు. అతడు వచ్చాడు.'

ఏసుపాదం ఆమె భర్త. బందరు కాలవ లాకుల దగ్గర లస్కరు. పత్రిక వచ్చే ఆ శుక్రవారమే కాలవకు నీళ్ళు వదులుతారు, తలుపు చక్రం తిప్పేది అతనే.

రాతప్రతి పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళింది. "రావుగారూ, ఇందులో మా ఆయన పేరు పెట్టారు. తీసెయ్యమనండి."

"ఊళ్ళో ఏసుపాదాలు వందమంది ఉంటారమ్మా. కథల్లో పేర్లు పట్టించుకుంటే ఎట్లా?" అన్నారు రావుగారు.

"లాకు లస్కరు ఏసుపాదం అంటే మా ఆయన ఒక్కరేనండి."

మరుభూమి ఆమె వంక తిరిగాడు. అతని కళ్ళల్లో కూడా తడి లేదు. కథలోని 'అతడు' ఎవరో ఆమెకు అప్పుడు తెలిసింది. "నీ అక్షరదోషము వలన ఒక మేడ నిలిచిపోయినది. అందులకే నీ భర్తను ఎన్నుకొంటిని. నీవు కూర్చకున్నచో మరియొక ప్రెస్సులో కూర్చెదరు. రెండువేలమంది ఒక్క పర్యాయము చదివిన చాలును."

రావుగారు అదీ కథేననుకుని నవ్వారు. అమలమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది. తను కాదంటే ఇంకెవరో, ఏమీ తెలియని పిల్ల, ఆ వాక్యాన్ని శుభ్రంగా పేర్చి ఇంటికి వెళ్ళి అన్నం తింటుంది. తన చేతిలో ఉన్నంతసేపే మొగుడు తనవాడు.

"నేనే వేస్తానండి" అంది.

ఇంటికెళ్ళి చెబితే ఏసుపాదం పడీ పడీ నవ్వాడు. "నీళ్ళు వదిలేరోజు సెలవెవడిస్తాడే? ఆ కాయితాల పిచ్చి నీకూ పట్టిందా?" అన్నాడు. ఆమె గుణదల కొండ వైపు తిరిగి ఒక దండం పెట్టుకుంది. చెయ్యవలసిన పని మాత్రం మేరీమాత మీదికి నెట్టలేదు.

మర్నాడు మరుభూమి ప్రూఫును మూడుసార్లు చదివాడు. అక్షరం అక్షరం వేలు పెట్టి చూసి, కింద సంతకం చేశాడు. అచ్చు పూర్తయ్యేదాకా కదలనని ముందుగదిలోనే కూర్చున్నాడు. సంతకం పడ్డ ప్రూఫు రాతి మీది రాత అనుకున్నాడు పాపం. పేజీని చట్రంలో బిగించి మెషీన్ మీదికి ఎక్కించేదాకా, ఎక్కించాక కూడా, అది కంపోజిటర్ వేళ్ళ కిందే ఉంటుందని అతనికి చెప్పినవాళ్ళు లేరు.

పేజీలు మార్చడానికి వ్యవధి లేదు. సూదిమొనతో ఒకటో రెండో అక్షరాలు పీకగలదు, అంతే. అద్దంలోలా తిరగబడి ఉన్న ఆఖరి వాక్యాన్ని అమలమ్మ చూసింది. వచ్చాడు. 'వ' పీకి, ఆ సందులో 'చ' కూర్చింది. చట్రం బిగించింది. చచ్చాడు. కసి తీరినట్టయింది.

కాశిం మెషీన్ తొక్కాడు. మొదటి కాగితం తీసి, చివరి వరుస కూడబలుక్కుని చదివి, మొహం మాడ్చుకున్నాడు.

"ఇదేంటి చెల్లెమ్మా, మీ ఆయన్నే చంపేశావు?"

ఆమె గబుక్కున కాగితం లాక్కుంది. 'ఏసుపాదం లాకు తలుపు తెరిచాడు. అతడు చచ్చాడు.' ఎవరు? తలుపు తెరిచినవాడేగా. చదివే రెండువేలమందిలో ప్రతి ఒక్కడూ అలాగే అనుకుంటాడు. కోపంలో తనే తన మొగుడికి గొయ్యి తవ్వింది.

"ఆపు కాశిం అన్నా."

మెషీన్ ఆగింది. ముందుగదిలోంచి గొంతు వినిపించింది. "యంత్రమేల ఆగినది?"

"కాయితం ఇరుక్కుందండి, తీస్తున్నా" అని కేకేశాడు కాశిం. కిరసనాయిలు డబ్బా మూత తీసి గుమ్మానికి అడ్డంగా పెట్టాడు.

అమలమ్మ చట్రం మీదికి వంగింది. తిరిగి 'వ' పెడితే వాడు వస్తాడు. 'చ' ఉంచితే ఆయన పోతారు. ఆయన. ఆ మాట మనసులో అనుకోగానే ఆమెకు దారి తట్టింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నోట ఏసుపాదం ఏనాడైనా 'వచ్చాడు, తిన్నాడు' అయ్యాడా? వచ్చారు, తిన్నారు, కోప్పడ్డారు. మర్యాద తెలియనివాడు రాసిన వాక్యం కాబట్టి ఇద్దరూ ఒకే గాట పడ్డారు. సూదిమొనతో 'తెరిచాడు'లోని 'డు' పీకింది. 'రు' గడిలో చెయ్యి పెట్టి, తీసిన అక్షరాన్ని రెండుసార్లు తడిమి చూసుకుని, ఆ సందులో నిలబెట్టింది.

కాశిం రెండో కాగితం తీసి చదివాడు. "ఏసుపాదం లాకు తలుపు తెరిచారు. అతడు చచ్చాడు." తలూపాడు. "ఇప్పుడు బావగారు వేరు, వాడు వేరు." మొదటి కాగితాన్ని కిరసనాయిలులో ముంచి ముద్ద చేసి పారేశాడు. మెషీన్ మళ్ళీ కదిలింది.

ఏసుపాదాన్ని ఇకమీదట మనమూ గౌరవంగానే చెప్పుకుందాం. అడ్డం వచ్చినవాళ్ళు అమలమ్మకు జవాబు చెప్పుకోవాలి.

శుక్రవారం పదింటికి, పత్రిక కట్టలు బస్టాండులో విప్పే వేళకు, ఆమె లాకుల దగ్గరుంది. పనికి రానని రావుగారికి చెప్పించింది. పైన ఏసుపాదం గారు చక్రం తిప్పుతున్నారు. గట్టు మీద మరుభూమి నిలబడి ఉన్నాడు. చంకలో పత్రిక ఉంది. ప్రూఫు కంఠతా వచ్చినవాడు కాబట్టి ఇంకా విప్పి చూడలేదు.

తలుపు కదిలింది. కిందికి దూకవలసిన నీళ్ళు దూకలేదు. మొదట ఉబ్బాయి, తర్వాత లేచి గోడలా నిలబడ్డాయి. ఆ గోడలో, మరుభూమి దాహమే రూపు కట్టినట్టు, ఏదో నోరు తెరిచింది. గట్టున ఉన్న గడ్డి ఆమె కళ్ళముందే పచ్చదనం పోయి తెల్లబారింది. ఆమె నాలుక అంగిట్లో అంటుకుపోయింది. ఏసుపాదం గారు చక్రం వదిలేసి రెండడుగులు వెనక్కి వేశారు. ఆయన పెదవులు పగిలి నెత్తురు వస్తోంది.

మరుభూమి పత్రిక విప్పాడు, ఆ ఆఖరి వాక్యాన్ని తన నోటితో పలకాలని. "ఏసుపాదం లాకు తలుపు తెరిచా..." అక్కడ ఆగాడు. వేలు పెట్టి చూశాడు. తర్వాతి వాక్యమూ చూశాడు.

"ఇది అక్షరదోషము."

"కాదు. దిద్దాను" అంది అమలమ్మ. గొంతు ఎండిపోయినా మాట స్పష్టంగానే వచ్చింది.

అతడు చప్పున ఏసుపాదం గారి వంక చూశాడు. 'అతడు' అన్నది ఆయనే కావాలన్నట్టు, ఆ చావు ఆయనకు తగిలించాలన్నట్టు చెయ్యి చాపాడు. ఏమీ జరగలేదు. మళ్ళీ కాగితం చూసుకున్నాడు. "ఈ 'రు' ఏమి?"

"అది మర్యాద. నీకు తెలీదులే."

మరుభూమి ఆ అక్షరాన్ని గోటితో గీకబోయాడు. ముందు వేళ్ళు, తర్వాత మోచేతులు, నీళ్ళు కట్టేసిన కాలవ అడుగున బురద పగిలినట్టు పగిలాయి. చొక్కా, పత్రిక గట్టు మీద పడ్డాయి. నిలబడ్డ నీటిగోడలో తెరుచుకున్న నోరు ఒక్కసారి మూసుకుంది. నీళ్ళు నీళ్ళై కిందపడి, ఎక్కడా ఆగకుండా బందరు దారి పట్టాయి. ఏసుపాదం గారు లాకు మీంచి దిగి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నారు. నలుగురూ చూస్తున్నారని కూడా అనుకోలేదు.

పది రోజుల తర్వాత రామకోటేశ్వరరావు గారు లోపలికి వచ్చి ఒక కార్డుల కట్ట బల్లమీద పడేశారు.

"ముప్ఫై ఉత్తరాలమ్మా. ఆఖరి వాక్యం తప్పు పడిందిట. వచ్చే సంచికలో తప్పొప్పుల పట్టిక వేద్దాం. 'చచ్చాడు' తప్పు, 'వచ్చాడు' ఒప్పు. ఇప్పుడే పేర్చెయ్యి."

మెషీన్ దగ్గర కాశిం కాలు ఆగిపోయింది. అమలమ్మ అక్షరాలు పేర్చే స్టిక్కును కింద పెట్టింది.

"వెయ్యనండి. ఆ పేజీలో తప్పు లేదు."

"నీ ఉద్యోగం పోతుంది."

"పోనివ్వండి. ఈ ఊళ్ళో ఏ ప్రెస్సుకి పట్టికెళ్ళినా అక్కడ నాకు తెలిసిన కంపోజిటరు ఉంటుంది. ఆ రోజుకి వాళ్ళ గళ్ళల్లో 'వ' అయిపోతుంది."

"నేను మాత్రం తొక్కనండి" అన్నాడు కాశిం.

రావుగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "మరి ఈ ఉత్తరాలకి ఏం చెప్పమంటావు?"

"ఇటివ్వండి. నేను రాస్తాను."

ఆ మధ్యాహ్నం అన్నం వేళకు ఆమె ముప్ఫై కార్డులు ముందేసుకుని కూర్చుంది. ఆ వాక్యాన్ని చదివేవాళ్ళు ఎక్కువయ్యేకొద్దీ అది అంత గట్టిపడుతుందనుకుంది. అన్నిటి మీదా ఒకటే జవాబు, గుండ్రటి అక్షరాలతో రాసింది.

'అయ్యా, మీరు సరిగ్గానే చదివారు. అతడు చచ్చాడు.'