జ్వరం లేదని రాయండి

అత్త ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

కోడలు ఆమె నుదుటి మీది తడి గుడ్డ తీసి, గది మూలనున్న కుళాయి కింద మళ్లీ తడిపి తెచ్చి వేసింది. వరండా గడియారంలో ఏడూ నలభై. ఎనిమిదింటికి జ్వరం చూసే మిషన్ పట్టుకుని వార్డరు వస్తుంది. పదిన్నరకి విచారణ. ఈ రెండూ గట్టెక్కితే చాలు.

"ఏమే, గుడ్డ పిండకుండానే వేస్తావా? నీళ్లన్నీ చెవిలోకి పోతున్నాయి," అంది అత్త కళ్లు తెరవకుండానే. "నువ్వు కుట్టే కాజాలు కూడా ఇంతే. ఒక్కటీ సూటిగా ఉండి చావదు."

"తిట్టండి అత్తయ్యా, తిట్టండి. తిట్టే ఓపిక ఉందంటే నాకు ధైర్యంగా ఉంది."

వాళ్లుంటున్నది ఒకప్పుడు హంతకుల్ని పెట్టిన జైలు. ఇప్పుడు దానికి 'వలసదారుల వసతి కేంద్రం' అని కొత్త బోర్డు తగిలించారు. తాళాలు మాత్రం పాతవే. ఈ వరసలో ఆరు గదులు, పన్నెండు మంది ఆడవాళ్లు. ఎవరూ ఏ నేరమూ చెయ్యలేదు. ప్రాణం కాపాడమని సరిహద్దు దగ్గర చెయ్యి చాచారు, అంతే. ఆశ్రయం ఇస్తారో, వెనక్కి తోలేస్తారో తేలేదాకా లోపలే ఉండాలి. అత్తాకోడళ్లు వచ్చి పద్నాలుగు నెలలైంది.

ఈ వరసలో ఎవరికైనా జ్వరం ఉందని రిజిస్టర్లో ఎక్కిందంటే ఇరవై ఒక్క రోజులు అందరి ఊచల బయటి ఇనప తలుపులూ మూసేస్తారు, ఎవర్నీ బయటికి రానివ్వరు. ఆ రోజుల్లో ఎవరికి విచారణ ఉన్నా రద్దు. కొత్త తారీఖు వరస చివర ఎక్కడో పడుతుంది. మొన్న చలికాలం అలాగే మూసేస్తే ఎదురు గది టీచరుకి ఎనిమిది నెలలు పోయాయి. ఆమె కొత్త తారీఖు రేపే.

ఆ టీచరే ఇప్పుడు తన గది ఊచల దగ్గరికి వచ్చింది. ఇరుకు వరండా మీదుగా చెయ్యి చాచి, గుప్పిట్లోని జ్వరం మాత్ర కోడలి చేతిలో పెట్టింది.

"రెండు నెలల నుంచి దాచుకున్నాను. సగం కాదు, మొత్తం వెయ్యి. రేపటిదాకా మీ అత్తగారు నిలబడాలి. నీ కోసమే కాదమ్మాయ్, నా కోసం కూడా."

"నీ రుణం తీర్చుకోలేను అక్కా."

"తీర్చుకోనక్కర్లేదు. ముందు మింగించు."

అసలు ఇంత తంటా పడాల్సిన అవసరమే ఉండేది కాదు. సరిహద్దు దగ్గర దరఖాస్తు నింపింది కోడలే. మొదటి గీత మీద 'ముఖ్య దరఖాస్తుదారు' అని ఉంది. అత్తగారు పక్కనే నిలబడి ఉండగా ఆమె కంటే పైన తన పేరు రాసుకోవడానికి కోడలికి చెయ్యి రాలేదు. పెద్దావిడ పేరు పైన రాసి, కింద 'ఆధారపడినవారు' అన్నచోట తన పేరు రాసింది. ఆ మర్యాద ఎంత పని చేసిందో ఇక్కడికొచ్చాక టీచరు చెబితే తెలిసింది. అడిగేది అత్తనే. వినేది అత్త మాటే. ఆమె విచారణకి రాలేకపోయినా, చెప్పలేకపోయినా ఇద్దరి కథా అక్కడితో సరి. మార్చమని కోడలు మూడు అర్జీలు పెట్టింది. మూడింటికీ జవాబు లేదు.

చెప్పాల్సింది ఒక్కటే. అత్తకి కొడుకు, తనకి భర్త అయిన మనిషిని అతను పనిచేసే అచ్చాఫీసులోంచి పట్టపగలు ఈడ్చుకొచ్చి, ఎదురుగా ఉన్న వాళ్ల కుట్టుకొట్టు గుమ్మంలోనే కొట్టి చంపారు. ఇద్దరూ చూశారు. చంపినవాళ్లు సర్కారు మనుషులు. మర్నాటి నుంచి వీళ్లిద్దరి కోసం వెతికారు.

ఎనిమిదింటికి తాళాల చప్పుడైంది. ఈ వార్డరుకి ఆడవాళ్లు పెట్టుకున్న పేరు తాళాలమ్మ. నవ్వుతూనే చెంప పగలగొట్టే రకం.

"ఏంటి, రాణీగారు ఇంకా పాన్పు దిగలేదా?"

"దిగుతున్నారు మేడం," అంటూ కోడలు గుడ్డని దిండు కిందికి తోసింది. చన్నీళ్లు నింపిన స్టీలు గ్లాసుని ఆఖరి క్షణం దాకా అత్త నుదుటికి అదిమిపెట్టి, తాళం తిరుగుతుండగా తీసేసింది. అత్త మంచం అంచున నిటారుగా కూర్చుంది. వణుకు కనబడకుండా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

తాళాలమ్మ మిషన్ని తుపాకిలా అత్త నుదుటికి గురిపెట్టింది. కిచ్‌మంది. తొంభై ఎనిమిది.

"భేష్. నాకంటే చల్లగా ఉంది ముసల్ది." మిషన్ జేబులో పెట్టుకుని, ఏదో అనుమానం వచ్చినట్టు అత్త భుజం పట్టుకుంది. ఆ చెయ్యి అక్కడే కాసేపు ఆగింది. తాళాలమ్మ కోడలి మొహంలోకి చూసింది. "ఒంట్లో బాగానే ఉందిగా?"

"బ్రహ్మాండంగా ఉంది మేడం. పొద్దున్నుంచీ నన్ను తిడుతూనే ఉన్నారు."

"జ్వరం లేదని రాసుకోనా?"

"లేదు మేడం. రాయండి."

తాళాలమ్మ రాసుకుని పక్క గదికి వెళ్లిపోయింది.

పదింపావుకి ఇద్దరినీ వీడియో గదికి తీసుకెళ్లారు. ఒక టీవీ, ఒక కెమెరా, నేలకి బిగించిన రెండు కుర్చీలు. కూర్చునే ముందు ఒక కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నారు. 'ఆరోగ్యంగా ఉన్నాం, మాట్లాడే స్థితిలో ఉన్నాం.' అత్త వేళ్ల మధ్య పెన్ను నిలవకపోతే కోడలు ఆమె చెయ్యి పట్టుకుని పెట్టించింది.

టీవీలో మూడు మొహాలు. పైన విచారణాధికారి, కింద సర్కారు వకీలు, మూలన దుబాసీ. దుబాసీ వీళ్ల భాష మాట్లాడే మనిషే. గొంతులో జాలి ఉంది. "ఇక్కడ మీరేం మాట్లాడినా ప్రతి ముక్కా నేను తర్జుమా చెయ్యాలమ్మా, అది నా ప్రమాణం," అని ముందే చెప్పింది.

మొదటి పది నిమిషాలు అత్త పులిలా చెప్పింది. పేరు, ఊరు, కొట్టు, దాటి వచ్చిన దారి. మాత్ర పనిచేస్తోంది. కోడలు లోలోపల దండాలు పెట్టుకుంటోంది. గదిలో గాలి లేదు. నెత్తిమీద దీపాల వేడి. అత్త మెడ మీద చెమట పట్టడం, ఆ చెమట ఆరిపోయి చర్మం మళ్లీ ఎర్రబడటం కోడలు చూస్తూనే ఉంది.

వకీలు అడిగాడు. "మీ అబ్బాయిని చివరిసారి ఎప్పుడు చూశారు?"

అత్త పెదాలు తడుపుకుంది. తర్వాత ఆమె మొహం విచ్చుకుంది. పద్నాలుగు నెలల్లో కోడలు ఆ నవ్వు చూడలేదు.

"పొద్దున్నే. చొక్కా బొత్తాం ఊడిందంటే కుట్టిచ్చాను."

దుబాసీ తర్జుమా చేసింది.

"ఏ రోజు పొద్దున్న?"

"ఇవాళేనయ్యా. మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తాడు. ఈ గొడవ త్వరగా తెమిలిస్తే నేను పొయ్యి వెలిగించుకోవాలి."

వకీలు పెన్ను కింద పెట్టాడు. "అంటే మీ అబ్బాయి బతికే ఉన్నాడు."

"అదేం మాట? నిక్షేపంలా ఉన్నాడు!"

కోడలు అత్త చెవి దగ్గరికి వంగి, పెదాలు కదలకుండా అంది. "చంపేశారని చెప్పండి అత్తయ్యా. మీ కళ్లముందే చంపేశారని చెప్పండి."

టీవీ మూలన దుబాసీ కళ్లు మూసుకుంది. ప్రమాణం ప్రమాణమే. కోడలి మాటల్ని ఒక్కటీ వదలకుండా అధికారికి అప్పగించింది.

విచారణాధికారి ముందుకి వంగాడు. "సాక్షికి ఏం చెప్పాలో మీరు నేర్పుతున్నారా?"

"లేదు సార్! ఆమెకి ఒళ్లు తెలియట్లేదు. రాత్రి నుంచీ జ్వరం. నేనూ చూశాను సార్, నన్ను అడగండి..."

"మీరు సాక్షి కారు." ఆయన ఒక కాగితం ఎత్తి చూశాడు. "జ్వరమా? అరగంట క్రితం ఆరోగ్యంగా ఉన్నాం అని సంతకం పెట్టారే. అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా?"

ఏది చెప్పినా మునిగేదే. కోడలు ఆ కాగితం వైపే చూసింది. అత్త ఆమె మోచేతిని పొడిచి, "చెప్పవే, పెద్దవాళ్లు అడుగుతుంటే," అంది.

పదకొండుకి తీర్పు చెప్పేశారు. చావు జరగలేదని ముఖ్య దరఖాస్తుదారే ఒప్పుకుంది. ఆశ్రయం లేదు. అప్పీలుకి ఏడు రోజులు. లిఖిత ఆధారాలుంటేనే.

వరండాలోకి రాగానే అత్త కాళ్లు మడతపడ్డాయి. కోడలు ఆమెని గోడకి ఆనించి కూర్చోబెట్టి తాళాలమ్మ మీద విరుచుకుపడింది.

"మిషన్ తియ్యండి! ఇప్పుడే చూడండి. జ్వరం ఎంతుందో రాసివ్వండి. అప్పీలుకి కావాలి నాకు."

"ఇప్పుడు గుర్తొచ్చిందా జ్వరం?" తాళాలమ్మ నవ్వింది. "నాకు పొద్దున్నే తెలుసులే. భుజం మీద చెయ్యేస్తే అరచెయ్యి కాలింది నాకు."

"తెలిసీ..."

"రాస్తే వరసంతా మూసి, పన్నెండు మంది కాగితాలూ నేనే నింపాలి. పన్నెండింటికి నా డ్యూటీ అయిపోతుంది. రేపట్నుంచి సెలవు. నువ్వే లేదన్నావు, నేను సరే అన్నాను." మిషన్ బయటికి తీసింది. గొంతు పెంచింది, గదులన్నిటికీ వినబడేలా. "రాయమంటావా చెప్పు. రాస్తే వరస మూసేస్తారు. రేపు టీచరమ్మకి విచారణ ఉందిగా? నీ ఇష్టం. నీ నోటితోనే చెప్పు."

ఊచల వెనక మొహాలు కనబడ్డాయి. టీచరు రెండు చేతులతో ఊచలు పట్టుకుంది.

"ఒద్దమ్మాయ్. ఒక్క రోజు. రేపు మధ్యాహ్నం దాకా ఆగు. ఏడు రోజులుందిగా నీకు."

"రేపటికి జ్వరం దిగిపోతే అక్కా? లేకపోతే..." కోడలు అత్త వైపు చూసి మిగతాది మింగేసింది.

"నీకు మాత్రిచ్చాను."

కోడలు టీచరు మొహం చూడలేకపోయింది. "రాయండి," అంది తాళాలమ్మతో.

మిషన్ కిచ్‌మంది. నూట నాలుగు. తాళాలమ్మ రిజిస్టర్లో అత్త పేజీ విప్పి, తీరిగ్గా రాసి, కోడలి ముందు పెట్టింది. కోడలు ఆత్రంగా చదివింది. పదకొండూ పది, నూట నాలుగు. సరిగ్గా ఆ పై గీత మీద, అదే చేత్తో, ఉదయం ఎనిమిది, తొంభై ఎనిమిది, జ్వరం లేదు.

విచారణ అయ్యాకే జ్వరం వచ్చింది. కాగితం చెబుతున్నది అదే.

"ఇది... పొద్దున్నది మార్చండి మేడం. మీకు తెలుసన్నారుగా."

"నాకేం తెలుసు? నేనేమన్నాను?" తాళాలమ్మ చుట్టూ చూసింది. "ఎవరైనా విన్నారా?"

ఊచల వెనక పది మందీ విన్నారు. టీచరు ఊచలు వదిలి, వెనక్కి తిరిగి తన మంచం మీద కూర్చుంది. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. ఎవ్వరూ విన్నామనలేదు.

ఇనప తలుపులు వరసగా మూసుకోవడం మొదలైంది. కోడలు అత్త చంకల కింద చేతులేసి గదిలోకి లాగింది. బయట తాళం పడింది.

"బాగానే చెప్పానా?" అంది అత్త.

"బాగా చెప్పారు అత్తయ్యా," అంది కోడలు.