పట్టా కింద మనిషి

కళాశాల మైదానంలో లేచిన ఆ ఇంటిని చూసి ముచ్చటపడని వాళ్లు లేరు. మూడు గదులూ విడివిడిగా తయారై లారీ మీద వచ్చాయి. బోల్టులు బిగిస్తే ఒక ఇల్లు. దీపాలూ ఫ్యాన్లూ నీళ్ల మోటారూ అన్నీ పైకప్పు మీది సోలార్ ప్యానెళ్లతోనే నడవాలి. విద్యార్థులు ఇళ్లు కట్టే పోటీ కోసం లేచిన ఇల్లది. ఆ పోటీలో ఒక్క నిబంధనే కఠినమైనది: ప్రతి మేకూ విద్యార్థుల చేతులతోనే దిగాలి, బయటి పనివాణ్ణి పెట్టకూడదు.

విద్యార్థులకు గీతలు వచ్చు, లెక్కలు వచ్చు. వైరు తొడుగు ఒలవడం రాదు. అందుకని గుట్టుగా ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిపించుకున్నారు. యాభై దాటిన మనిషి. వచ్చిన రెండో రోజుకే అందరికీ బాబాయ్ అయిపోయాడు. పోటీ పరిశీలకులు వచ్చినప్పుడల్లా ఆయన్ను వెనక గదిలోకి పంపి తలుపు వేసేవారు. నేను కట్టే ఇంట్లో నేనే దొంగలా దాక్కుంటున్నానర్రా అని ఆయన నవ్వేవాడు. వాళ్లూ నవ్వేవారు. అందులో నవ్వాల్సిందేముందో ఒక్కరూ ఆలోచించలేదు.

జట్టును నడిపే అమ్మాయిని అందరూ కెప్టెన్ అనేవారు. బాబాయ్ మొదటి రోజే ఆమెకు ఒక మాట చెప్పాడు.

"మామూలు కరెంటయితే మెయిన్ ఆపేస్తాం తల్లీ. ఈ ప్యానెళ్లకు ఎండ తగిలినంతసేపూ కరెంటు ఆపడం మన చేతుల్లో ఉండదు. నేను వైర్లు కలిపేటప్పుడు వాటి మీద టార్పాలిన్ పట్టా కప్పి ఉంచు. నన్నడక్కుండా తియ్యొద్దు."

ఆమె దాన్ని పుస్తకంలో రాసుకుంది కూడా.

పోటీకి వారం ఉందనగా, మిట్టమధ్యాహ్నం, చెప్పాపెట్టకుండా పరిశీలకులు ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. బాబాయ్‌ను షరా మామూలుగా వెనక గదిలోకి తోశారు. తోసి మరిచిపోయారు. ఆయన ఊరికే కూర్చునే రకం కాదు. పట్టా ఉందన్న ధైర్యంతో నిచ్చెనెక్కి, పైకప్పు నుంచి దిగిన వైర్లు కలపసాగాడు. బయట ఫొటోగ్రాఫరేమో పట్టా ఉంటే ఫొటో బాగా రాదన్నాడు. కెప్టెన్ తన చేత్తోనే పట్టా లాగేసింది.

లోపల ఏదో బరువుగా పడిన చప్పుడయింది. జట్టులో అందరూ విన్నారు. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పరిశీలకులు వెళ్లేదాకా ఎవరూ ఆ తలుపు తియ్యలేదు. తీసేసరికి ఆయన నేల మీద పడి ఉన్నాడు. ఆస్పత్రికి చేరకముందే ప్రాణం పోయింది.

పోలీసులకు ఇవ్వాల్సిన కాగితం జట్టును పోటీకి తయారుచేస్తున్న ప్రొఫెసర్ దగ్గరుండి రాయించాడు. సామాన్ల కోసం చొరబడిన బయటి వ్యక్తి అని రాయించాడు. నిజం చెబితే రెండేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుందన్నాడు. పోయినవాడు ఎలాగూ తిరిగిరాడన్నాడు. అందరూ సంతకాలు పెట్టారు. మొదటి సంతకం కెప్టెన్‌దే.

ఆ ఇంటికి మొదటి బహుమతి వచ్చింది. బహుమతి ప్రదానం రోజున జనం చూడడానికి బారులు తీరారు. ఆ వరుసలో వచ్చిన ఒక నడివయసు స్త్రీ, ఎవరూ చూపించకుండానే తలుపు పక్కన నడుమెత్తులో ఉన్న స్విచ్చు నొక్కింది. దీపం వెలిగింది. దాన్ని కాసేపు చూసి కెప్టెన్ వైపు తిరిగింది.

"పిల్లలకీ ముసలాళ్లకీ అందాలని కిందకి పెట్టించానని చెప్పాడమ్మా మా ఆయన. రోజూ అన్నం ముందు కూర్చుంటే ఈ ఇంటి ముచ్చట్లే. ఇప్పుడేమో దొంగతనానికి వెళ్లి చచ్చాడని వీధంతా అంటున్నారు. ఓనరు ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. మీరంతా ఆయన్ని బాబాయ్ అనేవారటగా. సొంత బాబాయినైతే దొంగని రాసేవారా?"

కెప్టెన్ తిన్నగా వేదిక ఎక్కి, బహుమతి పట్టుకుని నిలబడ్డ ప్రొఫెసర్ పక్కనుంచి మైకు అందుకుంది.

"ఈ ఇంట్లో ప్రతి వైరూ ఆయన కలిపిందే. లోపల ఆయన ఉన్నాడని మరిచి పట్టా లాగింది నేను. చప్పుడు విని కూడా తలుపు తియ్యనిదీ నేనే. ఆయన దొంగ కాదు. అబద్ధం రాసి బహుమతి కొట్టేసింది మేము."

బహుమతి వెనక్కి పోయింది. కేసు మళ్లీ తెరిచారు. జట్టువాళ్లు కెప్టెన్‌తో మాటలు మానేశారు. కానీ అప్పటికే ఆ ఇల్లాలు అద్దె ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. కెప్టెన్ నిజం చెప్పడమైతే చెప్పింది గానీ, అది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

చదువుకున్న మనం, మనకు పని చేసిపెట్టిన మనిషిని పది మందిలో చూపించుకోలేకపోతే, మనం కట్టిన ఇంట్లో ఎన్ని దీపాలు వెలిగినా అది చీకటి కొంపే.