తిట్టు దక్కని మనిషి

నాందేడ్ కిరాణా బజారులో నందకిషోర్ సేఠ్ నోటికి జడవనివాళ్లు లేరు. తిట్టే నోరు, తిరిగే కాలు ఊరికే ఉండవంటారు. సేఠ్ కాలు గద్దె దిగేది తక్కువ, అందుకని ఆ పని కూడా నోరే చేసేది. హమాలీని తిట్టేవాడు, కాంటాను తిట్టేవాడు, సొంత బావమరిదినైతే తెలుగులో మొదలుపెట్టి మరాఠీలో ముగించేవాడు. తిట్లు తిన్నవాడు తల గోక్కుని నవ్వేవాడు. మధ్యాహ్నం అన్నం దగ్గర అదే సేఠ్ డబ్బాలోంచి మామిడి తొక్కు అడిగి వేయించుకునేవాడు. ఆ దుకాణంలో తిట్టంటేనే పలకరింపు.

పనిలో చేరి నాలుగు నెలలైనా దిగంబర్‌కు ఒక్క తిట్టూ పడలేదు.

అతనికి నలభై రెండేళ్లు. ఆరేళ్ల కిందట మనసు చెదిరి, ఎవరూ అనని మాటలు చెవిలో వినబడి, దవాఖాన పాలయ్యాడు. మందులతో నెమ్మదించాడు. ఈలోగా రెండు ఉద్యోగాలు పోయాయి, భార్య కూతురిని తీసుకుని కిన్వట్‌లో పుట్టింటికి చేరింది. ఇలాంటివాళ్లకు పని వెతికిపెట్టే సంస్థ ఒకటుంది. అందులో పనిచేసే సాయలి అనే అమ్మాయి బజారంతా తిరిగి తిరిగి నందకిషోర్ సేఠ్‌ను ఒప్పించింది. పోతూ పోతూ ఒక చీటీ కూడా రాసిచ్చింది. గట్టిగా అరవొద్దు, తొందరపెట్టొద్దు, మందు వేళ తప్పనీయొద్దు. సేఠ్ ఆ చీటీని లక్ష్మీదేవి పటం కింద దోపి, దేవుడి ఆజ్ఞలా పాటించాడు. మంచివాడే పాపం. మంచితనానికీ ఒక కొలత ఉంటుందని ఆయనకెవరూ చెప్పలేదు.

"దిగంబర్‌జీ, కూసోండ్రి. దిగంబర్‌జీ, అలసిపోయిన్రా? చాయ్ తాగుండ్రి."

సేఠే అంత మెత్తగా ఉంటే మిగతావాళ్లు ఏం చేస్తారు? ఆమడ దూరాన ఉన్నారు. దిగంబర్ దగ్గరికి వస్తే పరాచికాలు టక్కున ఆగిపోయేవి. డబ్బాలు విప్పే వేళ అతనికి చోటు ఎంత ఎక్కువ వదిలేవారంటే, ఇటు చెయ్యి చాపితే తొక్కు అందేది కాదు, అటు మాట అందేది కాదు. ఒంటరితనమంటే ఇత్వారా పేటలోని తన గదేనని అనుకునేవాడు. పదిమంది మధ్య 'జీ' అనిపించుకుంటూ కూర్చోవడం అంతకంటే ఘోరంగా ఉంది.

ఊళ్లకు వెళ్లే బస్తాల మీద కుంచెతో ఊరి పేరు రాయడం అతని పని. ఒక బుధవారం మర్ఖేల్ పెళ్లివారి రవ్వ, చక్కెర బస్తాల మీద బాబ్లీ అని రాశాడు. బాబ్లీ వెళ్లాల్సిన పశువుల దాణా మీద మర్ఖేల్ అని రాశాడు. సాయిరాం అనే హమాలీ రాత చూసి టెంపోల్లోకి ఎక్కించాడు. మర్నాడు పొద్దున మర్ఖేల్‌లో లడ్డూలు చుట్టడానికి కూర్చున్న ఆడవాళ్లు మూట విప్పితే లోపల పత్తిగింజల చెక్క ఉంది.

పెళ్లివారి ఫోను పెట్టేసి సేఠ్ సాయిరాం మీద పడ్డాడు. "అరే సాయిగా, కండ్లు యాడ పెట్టుకున్నవురా? పెండ్లోళ్లకు దాణా పంపుతవా? పెండ్లికొడుకును కొట్టంల కట్టెయ్యమంటవా?"

సాయిరాం నోరు తెరవబోయాడు. మూల నిలబడ్డ దిగంబర్‌ను ఒకసారి చూసి, మళ్లీ మూసుకున్నాడు. ఆ చూపు దిగంబర్‌కు ములుకులా తగిలింది.

"పేర్లు తప్పు రాసింది నేను సేఠ్," అన్నాడు.

సేఠ్ మొహం చూడాలి అప్పుడు. పొంగే పాల మీద నీళ్లు చిలకరించినట్టు చప్పున దిగిపోయింది. "పోనీయుండ్రి దిగంబర్‌జీ. అయితనే ఉంటయి. ఫ్యాన్ కింద కూసోండ్రి."

"నన్ను తిట్టుండ్రి."

"ఏందీ?"

"సాయిరాంను తిట్టినట్టే తిట్టుండ్రి. తప్పు నాది. తిట్టకుంటే రేపటి సంది నేను రాను."

ఈ పని పోతే మళ్లీ ఆ నాలుగు గోడలు, పలకరించే మనిషి లేక చెవిలో పుట్టే ఆ మాటలు. అదంతా తెలిసే అన్నాడు.

సేఠ్ గద్దె మీద కదిలాడు, గొంతు సవరించుకున్నాడు. "అరే దిగ్..." అని పటం వైపు చూసి ఆగిపోయాడు. అంతటి నోరూ తడారిపోయింది. "నాతోని కాదు. మేడం వద్దన్నది. నా నోటితోని మీకేమన్న అయితే ఆ పాపం నేనెట్ల మోస్త? మీ ఇష్టం దిగంబర్‌జీ."

ఎంత మెత్తగా అన్నా, మీ ఇష్టం అంటే పొమ్మనడమే. దిగంబర్ చెప్పులు తొడుక్కున్నాడు. ఎవరూ ఆపలేదు. రెండో మెట్టు దిగుతుండగా వెనక కేక వినబడింది.

"యాడికిరా దిగ్యా?" సాయిరాం గొంతు అది. "నువ్వు పోతే నేనూకుంటనా? నీ తప్పుకు పొద్దుగాల సంది తిట్లు తిన్న. ఇప్పుడు బాబ్లీ పోయి రవ్వ తెచ్చేదెవడు, నీ అయ్యనా? రాసుడు రాకపాయె, మోసుడన్న మోయి. ఎక్కు టెంపో!"

దుకాణమంతా బిగుసుకుపోయింది. "అరే సాయిగా, చీటీ..." అంటూ సేఠ్ లేచి నిలబడ్డాడు. దిగంబర్‌కు ఏమవుతుందోనని అందరూ చూశారు. ఏమీ కాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అంతే. "అస్తున్న," అని వెనక్కి వచ్చి టెంపో ఎక్కాడు.

దారి పొడుగునా సాయిరాం సణుగుతూనే ఉన్నాడు. బాబ్లీలో రవ్వ, చక్కెర ఎక్కించుకుని మర్ఖేల్ చేరితే పెళ్లింటి ఆడవాళ్లు ఇద్దరినీ కలిపి కడిగేశారు. తిరుగు దారిలో దిగంబర్ భుజాలు పీకాయి. ఆకలేసింది. తను మాట్లాడింది చాలా తక్కువే, కానీ పొద్దంతా చెవిలో పడ్డవి మనుషుల మాటలే.

దీపాలు పెట్టే వేళకు గదికి చేరాడు. ఇవాళ జరిగింది ఎవరికైనా చెప్పాలనిపించింది. కిన్వట్ నంబరు తీశాడు, మళ్లీ ఫోను పక్కన పెట్టాడు. అక్కడ తన మాట వినేవాళ్లు లేరు. అప్పుడే సాయలి ఫోను వచ్చింది.

"అన్నా, సేఠ్ ఇప్పుడే చెప్పిండు. మీ మీద ఎవరో అరిచిన్రట. ఎవరు? రేపు నేనచ్చి గట్టిగ మాట్లాడత."

"వద్దు మేడం," అన్నాడు దిగంబర్. తర్వాతి మాట నోటితో అని చాలా కాలమైంది.

"అరిచింది మావోడే."