పద్దెనిమిది రోజుల దీవి

ఆ ఇంట్లో సెలవుల మాట వచ్చిన నాటి నుంచి రాజేశం కళ్లు రోడ్డు మీద ఉన్నా చెవులు మాత్రం వెనక సీటులోనే ఉన్నాయి.

ఖతార్ దేశంలోని ఉమ్ సలాల్‌లో ఆ ఇంటికి అతను ఎనిమిదేళ్లుగా డ్రైవరు. ఇంటి డ్రైవర్లకు ఒక రివాజు ఉంది. ఏ కాగితంలోనూ ఉండదు గానీ అందరికీ తెలుసు. యజమాని కుటుంబం ప్రయాణం కడితేనే డ్రైవరుకు సెలవు. వాళ్లు వారం వెళ్తే వీడికీ వారమే. ఇంట్లో ఒక్క మనిషి మిగిలిపోయినా ఆ మనిషికి బండి కావాలి, బండికి డ్రైవరు కావాలి, కాబట్టి సెలవు లేదు. వీసా ఇచ్చిన యజమాని, అంటే ఖఫీల్, సంతకం లేనిదే దేశం దాటే వీలు లేని చోట ఈ రివాజుతో వాదించి గెలిచినవాడు ఇంకా పుట్టలేదు.

ఈసారి రాజేశానికి కనీసం రెండు వారాలు కావాలి. అతని భార్య గంగామణికి గర్భసంచిలో గడ్డ ఉందనీ, తీసెయ్యాలనీ జగిత్యాల డాక్టరమ్మ చెప్పి ఏడు నెలలైంది. ఇంకా ఆలస్యం చేస్తే తన పూచీ లేదని మొన్న గట్టిగానే కసిరింది. గంగామణి మాత్రం మొగుడు పక్కన లేనిదే బల్ల ఎక్కనని కూర్చుంది. మొండిదని తిట్టడానికీ లేదు. ఆమె అక్క పుష్ప, మొగుడు మస్కట్‌లో ఉండగా ఇలాంటి ఆపరేషనుకే నడుచుకుంటూ వెళ్లి మళ్లీ లేవలేదు.

"నువ్వు తలాపున ఉంటెనే పోత. లేకుంటె గిట్లనే ఎన్నొద్దులుంటె గన్నొద్దులుంట," అంటుంది ఫోన్లో.

ఇంటి పెద్ద, అందరూ బాబా అని పిలిచే ఆయన, మార్చి సెలవులకు తుర్కీ దేశం పోదామన్నాడు. వారం రోజులు. మునుపైతే కారేసుకుని దుబాయ్ పోయి వచ్చేవాళ్లు, దేశాల మధ్య తగవుతో రెండేళ్లుగా ఆ దారి మూతపడింది. ఇదే సంగతి రాజేశం ఊళ్లో చెబితే ఎవరికీ ఎక్కదు. వాళ్ల లెక్కలో అతనున్నదే దుబాయ్‌లో.

బాబా కూతురు నూరాకు పదహారేళ్లు. తుర్కీ వద్దంది. ఫోన్లో బార్బడోస్ అనే దీవి ఫొటోలు చూసి దాన్నే పట్టుకుంది. కొబ్బరి చెట్లు, నీలం నీళ్లు. అంత దూరం పోయి వారానికే రావడం దండగ కాబట్టి, బడికి ఇంకొన్ని రోజులు సెలవు పెట్టి మొత్తం పద్దెనిమిది రోజులుందామంది.

పద్దెనిమిది అన్న మాట చెవిన పడగానే రాజేశం ఆ దీవి పార్టీలో చేరిపోయాడు. అదెక్కడుందో కూడా తెలియదు. పక్కింటి డ్రైవరు హమీదుద్దీన్‌ది కోరుట్ల. అతను ఫోన్లో మ్యాపు తీసి, వేళ్లతో పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి చూపించాడు.

"ఇగో, గీ చుక్కనే."

"గింతేనా భాయ్?"

"గింతే. అమెరికా అవతల్నే అనుకో. గంత దూరమెందుకురా వీళ్లకు?"

"ఎంత దూరమైతె గంత మంచిది. జల్ది తిరిగి రారు."

ఫుట్‌బాల్ ప్రపంచకప్పు పుణ్యమా అని దోహా రోడ్లన్నీ తవ్వి పోసి ఉన్నాయి. ఇవాళ ఉన్న మలుపు రేపు ఉండదు. దాన్ని కూడా రాజేశం వాడుకున్నాడు. తండ్రీకూతుళ్లు వెనక సీట్లో దీవి గురించి వాదులాడుకుంటుంటే, కూతురు గెలిచేదాకా కొత్తగా కడుతున్న లుసైల్ పట్నం క్రేన్ల చుట్టూ తిరిగే పొడవాటి దారి పట్టాడు. ఒకసారి బాబా అలసిపోయి తల వెనక్కి వాల్చితే, అడగకపోయినా, "తుర్కీలో ఇప్పుడు చలి బాబా, పిల్లలకు దగ్గు పట్టుకుంటది," అన్నాడు. నాలుగు రోజుల తర్వాత బాబా సరేనన్నాడు. ప్రయాణం మార్చి ఆఖరి ఆదివారం. రాజేశం ఆ పూటే ఇంటికి ఫోన్ చేసి ఏప్రిల్ రెండో తారీకు మంగళవారానికి ఆపరేషన్ పెట్టించమన్నాడు. గంగామణి నవ్వింది. ఏడు నెలల్లో అదే మొదటిసారి.

అప్పుడు అడ్డం పడింది యుమ్మా. బాబా తల్లి, డెబ్బై ఆరేళ్ల మనిషి, మోకాళ్లు అరిగిపోయాయి. "నేను రాను. మీరు పోండి," అంది.

ముసలమ్మ ఉండిపోతే రాజేశమూ ఉండిపోవాల్సిందే. వారానికి మూడుసార్లు ఆమెను మోకాళ్ల వైద్యానికి తీసుకుపోయేది అతనే. ఎత్తైన బండి ఎక్కడానికి కింద చిన్న పీట వేసి, ముఖం పక్కకు తిప్పుకుని, మోచేతి మీద మడతపెట్టిన తువ్వాలు వేసి చెయ్యి చాపి నిలబడతాడు. ఆమె ఆ తువ్వాలు మీద చెయ్యి వేసి ఎక్కుతుంది. ఇంకెవరు పట్టినా భయం. కొడుకు పట్టినా కేకలు పెడుతుంది.

రాజేశం పది రోజులు ఆమె వెంట పడ్డాడు. వచ్చిన వంటింటి అరబ్బీ అంతా ఖర్చు పెట్టాడు. ఆ దీవి గాలి మోకాళ్లకు మందన్నాడు. అక్కడి వెచ్చటి ఇసుకలో కాళ్లు పెట్టుకుంటే నొప్పి మాఫీ అన్నాడు. మనవలు నీళ్లలో ఆడుతుంటే చూసే అదృష్టం మళ్లీ రాదన్నాడు. తను ఎన్నడూ చూడని ఇసుక గురించి, నీళ్ల గురించి, ఎవరో వెనక నుంచి అందిస్తున్నట్టు చెప్పుకుపోయాడు. అబద్ధమాడుతున్నానన్న సిగ్గు కూడా లేదు. భార్య ప్రాణం మీదికి వచ్చినవాడికి సిగ్గెక్కడిది?

పదకొండో రోజు నూరా గంతులేస్తూ బండి దగ్గరికి వచ్చింది. "యుమ్మా ఒప్పుకుంది! ఒకటే షరతు. రాజా వస్తేనే వస్తానంది. నువ్వు కూడా దీవికి వస్తున్నావ్!"

"షుక్రన్," అని అలవాటుగా కృతజ్ఞత చెప్పాడు రాజేశం. వాళ్లతో దీవికి పోతే ఇక ఊరికి పోయేది లేదు.

అందరూ మామా అని పిలిచే ఇంటావిడ దగ్గరికి పోయి సంగతంతా చెప్పుకున్నాడు. ఆమె చెడ్డది కాదు, విన్నది. "సముద్రం చూపిస్తామంటే ఏడుపు ముఖమెందుకు? తిరిగొచ్చాక రంజాన్, తర్వాత పరీక్షలు. జులైలో పోదువులే," అంది. జులై దాకా గడ్డ ఆగుతుందా అని అడగడానికి ఆమె డాక్టరూ కాదు, అతనికి అంత అరబ్బీ రాదు.

చివరికి బండిలో యుమ్మాకే వచ్చీరాని అరబ్బీలో చెప్పేశాడు. గడ్డ సంగతి, పుష్ప సంగతి, గంగామణి పట్టుదల సంగతి. చెబుతూ ఏడ్చాడు. ముసలమ్మ చేతిలోని జపమాల, తస్బీహ్, పూసలు తిప్పింది.

"భార్య కత్తి కింద ఉంటే నిన్ను సముద్రానికి లాక్కుపోతానా? నాకు వద్దు ఆ దీవి. నేనూ పోను. మనిద్దరం ఇక్కడే ఉందాం రాజా. నువ్వు ఫోన్ దగ్గరే ఉండు, నేను నమాజులో ఆమె కోసం అడుగుతాను," అంది. తన చేత అయిన మేలు చేసినట్టు వెనక నుంచి అతని భుజం మీద తువ్వాలుతో మెల్లగా తట్టింది.

ఆమె ఉంటే డ్రైవరుండాలన్న సంగతి ఆ తల్లికి తోచనే లేదు. పుట్టినప్పటి నుంచి బండీ డ్రైవరూ వాకిట్లో ఉన్న మనిషికి ఎలా తోస్తుంది? ఆమెను దీవికి పొమ్మని, తనను ఊరికి పోనివ్వమని అడగాలని రాజేశం నోరు తెరిచాడు. ఆ పెద్దావిడ ముఖంలో దయ చూసి నోరు మూసుకున్నాడు. ఎనిమిదేళ్లలో అతను చేసిన పెద్ద తప్పు అదేనేమో.

ఆదివారం కుటుంబాన్ని విమానం ఎక్కించి వచ్చాడు. ఇంటికి ఫోన్ చేసి, టికెట్ రెండు రోజులు వెనక్కి పోయిందనీ, మంగళవారం పొద్దున ఎక్కుతాననీ చెప్పాడు.

మంగళవారం ముసలమ్మను ఆస్పత్రిలో దింపి, గంటలో వస్తానని చెప్పి, తిన్నగా ఎయిర్‌పోర్టుకు పోయాడు. హమీదుద్దీన్ దగ్గర అడిగి తెచ్చిన ఖాళీ సూట్‌కేసు చేతిలో ఉంది. విమానాల పేర్లు వెలిగే పెద్ద బోర్డు కింద నిలబడి వీడియో ఫోన్ చేశాడు.

గంగామణి ఆకుపచ్చ గౌనులో మంచం మీద కూర్చుని ఉంది. పక్కన రాజేశం చెల్లెలు శోభ.

"నిజంగనే వస్తున్నవా?"

"ఇగో, చూడు." పెట్టె చూపించాడు. బోర్డు చూపించాడు. పైన మైకులో ఎవరో ఏదో ఊరి పేరు చదువుతున్నారు. "గంటల ఎక్కుత. మాపటికి నీ తలాపున ఉంట. నువ్వు భయపడకు."

"ఇప్పుడు భయమైతలేదు," అంది గంగామణి. జడ ముందుకు వేసుకుని, నర్సుతో పోదాం పదమంది. తలుపు దగ్గర వెనక్కి తిరిగింది. "కండ్లు తెరిచేసరికి కనవడాలె."

తలుపు మూసుకుంది. ఫోన్ శోభ చేతిలోకి వచ్చింది.

"అన్నా, హైదరాబాద్‌ల దిగినంక ఫోన్ చెయ్యి. మా ఆయనను కారు తీస్కొని పంపిస్త."

"శోభా, నేను వస్తలేనే."

శోభ మూసిన తలుపు వంక చూసి, మళ్లీ ఫోన్ వంక చూసింది.

"మరి వదిన లేచినంక ఏం చెప్పాలె అన్నా?"

గంగామణి లేస్తే చాలు, లేచి తనను ఎన్ని తిట్టినా సరేననుకున్నాడు రాజేశం. గంట అవుతోంది, ముసలమ్మ పీట కోసం ఎదురుచూస్తుంటుంది. ఖాళీ పెట్టె ఈడ్చుకుంటూ అతను పార్కింగ్ వైపు నడిచాడు.