పురికొస ఇల్లు

రెండో మేకు దగ్గర వంగి, పురికొసను బొటనవేలికి ఒక చుట్టు చుట్టి లాగి చూశాడు దారాలాయన. బిగువు చాలలేదు. ఇంకాస్త లాగి, ముడి వేసి, వేలితో మీటాడు. సన్నగా టంగుమంది. ఆ చప్పుడు వినబడితేనే ఆయన లెక్కలో అది గోడ. వినబడకపోతే ఉట్టి దారం.

కొండవాలు మీదికి ఎండ ఇప్పుడిప్పుడే పాకుతోంది. గడ్డిలోని తడికి బూట్ల ముందుభాగం నల్లబడింది. పొట్టి మనిషి. ఎన్నో ఏళ్ళు నేలను చూస్తూ నడవడం వల్ల నడుము దగ్గర కొంచెం ముందుకు ఒంగిన వాటం. వేళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని సున్నం. ఆయన జుట్టు ఎప్పుడు తెల్లబడిందో ఎవరూ గమనించలేదు. అదీ సున్నమే అనుకున్నారేమో!

కింద పట్టణంలో ఒక ఇంజినీరు దగ్గర ఆయన ఉద్యోగం. కొండ మీద ఇల్లు కట్టుకోవాలని వచ్చేవాళ్ళకి ఇంజినీరు కాగితం మీద గీసి ఇస్తాడు. దారాలాయన ఆ ఇంటిని తీసుకొచ్చి నేల మీద అసలు కొలతల్లో పరుస్తాడు. మేకులు కొట్టి, పురికొస కట్టి, గోడలు వచ్చే చోట సున్నం పోసి, తలుపులు వచ్చే చోట ఖాళీ వదిలి, "రండి, కాసేపు కాపురం చేసి చూడండి" అంటాడు. కాగితం చదునుగా ఉంటుంది, కొండ ఉండదు కదా. కాగితంలో దివ్యంగా ఉన్న వంటగదిలో నిలబడితే కిటికీకి ఎదురుగా మట్టిగట్టు తప్ప ఏమీ కనబడకపోవచ్చు.

వచ్చినవాళ్ళంతా మొదట చేసే తప్పు ఒక్కటే. గోడల్లోంచి నడుస్తారు. పురికొసను చెంగున దాటి హాల్లోంచి పడకగదిలోకి, అక్కణ్ణించి స్నానాలగదిలోకి వెళ్ళిపోతారు. అప్పుడు దారాలాయన ప్రాణం విలవిల్లాడుతుంది.

"గోడ! గోడ! తలుపు అటుందండీ. దొంగలు కూడా ఇలా రారు!" అని అరుస్తాడు.

ఒకసారి కొత్తగా పెళ్ళయిన జంట వచ్చింది. ఆ అమ్మాయి ఖాళీ వదిలిన చోట నిలబడి గాలిని టకటకా తట్టింది. "ఎవరూ?" అన్నాడు లోపల్నించి మొగుడు. "పాలండీ!" అంది. "పాలు అక్కడ పెట్టి, నువ్వు లోపలికి రా" అన్నాడు. ఆ పూటంతా దారాలాయన మొహం మీంచి నవ్వు దిగలేదు. గదికి వెళ్ళాక కూడా ఒకసారి గాలిని తట్టి చూసుకున్నాడు. లోపల్నించి ఎవరూ అడగలేదు.

ఆయన గది ఒక బేకరీ పైన. తెల్లవారే ముందు కింద పొయ్యి రాజేస్తే పైన నేల వెచ్చబడుతుంది. మంచం దిగుతూ ఆ వెచ్చదనం మీద పాదాలు మోపడమే ఆయన రోజుకి మొదటి సంతోషం. ఇద్దరు చెల్లెళ్ళని ఒక ఇంటివాళ్ళని చేసేసరికి, ఆయన పెళ్ళి, ఆగాల్సిన చోట ఆగకుండా పోయిన బస్సులా దాటిపోయింది. చెయ్యెత్తి ఆపడం ఆయనకి చేతకాలేదు.

ఈ వాలు మీది ఇల్లు నర్సమ్మది. ఉద్యోగమంతా ఆసుపత్రిలో ఇతరుల నిద్రలు కాపలా కాసి, విరమణ తర్వాత ఈ కాస్త చోటు కొనుక్కుంది. భర్త పోయి చాలాకాలమైంది. పిల్లలు లేరు. మొదటిరోజు ఆమె ఎవరూ చెప్పకుండానే తలుపు వెతుక్కుని, చెప్పులు బయట విడిచి, వట్టికాళ్ళతో తడిగడ్డి మీద లోపలికి వచ్చింది. దారాలాయన గబగబా తన బూట్లు కూడా విప్పి బయట పెట్టాడు.

ఆ రోజే ఆయన ఒక లోపం చూపించాడు. పడకగదిలోకి పొద్దుటి ఎండ రాదు. నిజమే. ప్లాను మారింది. తర్వాత వంటగదిలోకి పడమటి గాలి కొడుతుందన్నాడు. అదీ నిజమే. ఆ తర్వాత మెట్లు నిటారుగా ఉన్నాయన్నాడు. అది అంత నిజం కాదు, అబద్ధమూ కాదు. ప్రతిసారీ ఇంజినీరు మళ్ళీ గీశాడు, దారాలాయన మళ్ళీ పరిచాడు, నర్సమ్మ ఫ్లాస్కులో టీ తెచ్చింది.

"బాబాయ్, ఇవాళ తేలిపోవాలి." కింద బాట మీంచి మేస్త్రి రొప్పుతూ ఎక్కి వచ్చాడు. "చలి ముదిరితే కాంక్రీటు బిగుసుకోదు. రేపు పొద్దున తవ్వే బండి తెస్తున్నా. ఇవాళ కూడా నువ్వేదైనా వంక పెట్టావంటే, ఇంక వేసవే."

"వంకలు నేను పెడతానా? ఉంటే చెబుతాను."

"నీకు కనబడనిదెప్పుడు! ఆ ఇల్లు కడతారో, ఇలా దారాల్తోనే సరిపెడతారో మీ ఇష్టం" అని నవ్వుకుంటూ కిందికి దిగి, రాళ్ళు దింపించే పనిలో పడ్డాడు మేస్త్రి.

వేసవి. ఆ మాట దారాలాయన చెవిలో ఉండిపోయింది. ఒక్క తప్పు దొరికితే చలికాలమంతా ఈ వాలు ఎక్కవచ్చు. దొరకకపోతే రేపటితో తన పని సరి. తవ్విన చోట పురికొసతో ఎవరికి పని?

అందుకే ఆ ఉదయం ఎంతో శ్రద్ధగా తప్పు కోసం వెతికాడు. ఎదురెదురు మూలలు కొలిచాడు. రసమట్టం పెట్టి బుడగ మధ్యకి వచ్చేదాకా చూశాడు. మంచం వచ్చే చోట పడుకుని చూశాడు. ఎండ తిన్నగా మొహం మీద పడింది. వంటగదిలో నిలబడ్డాడు. పడమటి వైపున్న పెద్దబండ గాలికి అడ్డం కాచింది. కిటికీలోంచి, అంటే కిటికీ రాబోయే ఖాళీలోంచి, లోయలో నది మలుపు తిరిగే చోటు కనబడింది. ఇన్నేళ్ళలో ఆయన పరిచిన ఇళ్ళలో ఇంత బాగా కుదిరినది లేదు. ఉసూరుమన్నాడు.

నర్సమ్మ తలుపులోంచే వచ్చింది. చెప్పులు విడిచింది. నాలుగు అడుగులు వేసి దగ్గింది. ఆమె ఇప్పుడుంటున్నది కింద ఒక అద్దెగది. గోడలు చెమ్మ. ఆ దగ్గు వానలతో మొదలైంది, ఇంకా వదల్లేదు.

"ఏమండీ దారాలాయనా, ఈసారి నా ఇంటికి ఏం జబ్బు కనిపెట్టారు?"

"చూస్తున్నానండీ."

"నిదానంగా చూడండి. ఈ ఇంటిని మీరు తిప్పినట్టు మా డాక్టర్లు రోగుల్ని కూడా తిప్పలేదు."

ఆయన స్నానాలగది గడప వైపు చూశాడు. గడప కొంచెం ఎత్తుగా ఉందనొచ్చు. అంటే ఎవరూ కాదనరు. నోరు తెరిచాడు. ఆమె మళ్ళీ దగ్గింది, చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని, ఎవరికీ వినబడకూడదన్నట్టు.

"ఏమీ లేదండీ" అన్నాడు. "ఇల్లు బాగుంది. ఇంక ముట్టుకోవద్దు."

"సరిగ్గా చూశారా?"

"చూశాను."

"వంటింట్లోకి గాలి?"

"రాదు. బండ ఉంది."

"ఎండ?"

"మంచం మీదికే."

ఆమె ఫ్లాస్కు మూత బిగించింది. బిగిసిన మూతనే ఇంకోసారి బిగించింది. "పోయినసారి మెట్ల సంగతి మీరు ఎత్తకపోతే, నేనే ఏదో ఒకటి ఎత్తేదాన్ని" అంది.

ఆ మాట ఆయనకి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే ఇంక మీరు రారు."

"పని లేకుండా ఎలా వస్తానండీ?"

"పని ఉంటేనేనా మనిషి ఇంటికి మనిషి వచ్చేది?"

ఆమె ముందువైపు వసారాలోకి నడిచింది. "ఇక్కడ కుర్చీ పడుతుందా?"

"పడుతుంది."

"రెండు?"

కళ్ళతో చూసి చెప్పగలడు. అయినా టేపు తీసి కొలిచాడు. గుప్పెట్లో సున్నం తీసుకుని, పక్కపక్కన రెండు గడులు పోశాడు. "పడతాయి."

"కాళ్ళు చాపుకుంటే?"

"చాపుకున్నా పడతాయి."

"కూర్చుని చూపించండి మరి. కాపురం చేసి చూడందే ఒప్పుకోవద్దన్నది మీరేగా."

మెడ చుట్టూ వేడి ఆవిర్లు కమ్మాయి. మఫ్లరు తీసి పక్కన పెట్టి, ఒక గడిలో గడ్డి మీద కూర్చుని కాళ్ళు చాపాడు. ఆమె రెండోదాంట్లో కూర్చుంది. ఎదుటి కొండ మీద ఒక మబ్బు నీడ మెల్లగా పైకి పాకుతోంది.

"అది చూడండి, కొండెక్కుతోంది" అంది ఆమె.

"ఆయాసపడుతోంది పాపం" అన్నాడాయన.

ఆమె పకపకా నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగి, మళ్ళీ నవ్వులోకే వచ్చింది.

"ఏంటి బాబాయ్, ఇల్లు లేవకముందే చుట్టాలు దిగిపోయారే!" కింది నించి మేస్త్రి అరిచాడు. దారాలాయన లేవబోయి, లేవలేదు. నీడ శిఖరం దాటేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

సాయంత్రం బస్సు రెండు మలుపులు దిగాక మెడకి చలి తగిలి, మఫ్లరు గుర్తొచ్చింది. బస్సు ఆపమంటే డ్రైవరు ఆపేవాడే. చెయ్యెత్తలేదు. ఈసారి చేతకాక కాదు. రేపు వెళ్ళడానికి ఒక పని దొరికింది మరి! కిటికీ అద్దానికి తల ఆనించి, పట్టణం వచ్చేదాకా తనలో తను నవ్వుకున్నాడు.

"ఏంటి, ఇవాళ మొహం వెలిగిపోతోంది?" అన్నాడు బేకరీ యజమాని, రొట్టె పొట్లం కడుతూ.

"రెండు కుర్చీలూ పట్టాయి."

"ఎక్కడ?"

"వసారాలో."

యజమానికి ఏమీ అర్థం కాలేదు. అయినా మనిషి సంతోషంగా ఉన్నాడు కదా అని, పొట్లంలో ఒక బిస్కెట్టు ఎక్కువ వేశాడు.

తెల్లవారే ముందు కింద పొయ్యి రాజేశారు. పైన నేల వెచ్చబడింది. దాని మీద పాదాలు మోపిన చప్పుడు కాలేదు. పొద్దెక్కాక యజమాని పైకి వెళ్ళి చూశాడు. దారాలాయన ఒక పక్కకి తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. పొట్లంలోంచి బిస్కెట్టు ఒక్కటే తిన్నాడు. నిద్రలోనే, అన్నాడు వచ్చిన డాక్టరు.

కొండ మీద తవ్వే బండి పైమూల దగ్గర పని మొదలుపెట్టింది. మేస్త్రి ఫోను చెవికి పెట్టుకుని విన్నాడు. బండి ఆపించాడు. నర్సమ్మ దగ్గరికి వచ్చి, "అమ్మా, బాబాయ్..." అని, తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు.

ఆమె ఇలాంటి మొహాలు జీవితమంతా చూసింది. "బాధపడ్డారా?" అని మాత్రం అడిగింది.

"లేదంటమ్మా. నిద్దట్లోనే."

ఆమె తల ఊపింది. ఫ్లాస్కు చేతిలోనే ఉంది. "తవ్వండి, చలి ముదురుతుంది" అంది. "వసారా వైపు మాత్రం ఆఖర్న రండి."

బండి మళ్ళీ కదిలింది. వసారాలో, రెండు సున్నపు గడుల పక్కన, రాత్రి మంచుకి బిగుసుకుపోయిన బూడిదరంగు మఫ్లరు, ఒక మెడ వంపుని ఇంకా అలాగే పట్టుకుని ఉంది.