జారుముడి

కట్టెల పడవ సగం నిండకముందే తోపులో పొగ లేచింది. నెత్తిమీది మోపు కాలువ గట్టునే పారేసి చెంగమ్మ ఇసుకలో పడుతూ లేస్తూ వచ్చేసరికి మంట ఆగిపోయి ఉంది. ఆమె గుడిసె మాత్రం లేదు. కాలిపోలేదు. ఊరివాళ్లే పీకేశారు. తాటాకు ఒకవైపు, వాసాలు ఒకవైపు ఈడ్చి పడేసి ఉన్నాయి. అత్త మునియక్క ఎండలో నులకమంచం మీద, మొహాన తడిగుడ్డతో పడి ఉంది. కాళ్లు పడిపోయి ఏళ్లయిన మనిషి.

"ఎవురది?"

"నేనే అత్తా."

"మళ్లీ పీకినారు మే."

"ఊఁ."

చెంగమ్మ ఏడవలేదు. మొదటిసారి పీకినప్పుడు ఏడ్చింది. రెండోసారి శాపనార్థాలు పెట్టింది. ఈసారి, పగలకుండా మిగిలిన కుండలేవో వెతుక్కుంటూ కూర్చుంది.

ఎన్నూరు దగ్గర కాలువకూ సముద్రానికీ మధ్య ఇసుక మేట మీది పల్లె అది. దక్షిణాన సవుకు తోపు, అంతా సరుగుడు చెట్లే. మైలాపూరులో కాపురముండే ఒక ఆసామిది. అక్కడ నరికిన కట్టె పడవలెక్కి తొండియార్‌పేట అడితీలకు పోతుంది. అమ్ముడుపోని రెమ్మా, రాలిన ఆకూ పల్లె పక్కన మోకాలెత్తున పేరుకుంటాయి. ఆడవాళ్లు పొయ్యిలోకి ఊడ్చుకుపోయే రోజుల్లో తోపులో నేల నున్నగా కనబడేది. రాలిన ఆకు కూడా ఆసామి సొత్తేనని గుమాస్తా జనార్దనం కనిపెట్టాడు. చీపురుతో తోపులో దొరికిన మనిషికి ఆ రోజు కూలి పన్నెండణాలూ ఎగ్గొట్టాడు. దాంతో చీపురు పట్టుకుని అటు వెళ్లేవాళ్లు లేకపోయారు. ఇక దక్షిణపు గాలి తిరిగిన వేసవి మధ్యాహ్నం ఒక్క బీడీ ముక్క చాలు.

ఫయరింజను రావడానికి దారి లేదు. పల్లెకు తెలిసిన ఉపాయం ఒక్కటే. మంటకు ఎదురుగా ఉన్న గుడిసెను అది అంటుకోకముందే పీకెయ్యడం. గండి కొట్టడమంటారు దాన్ని. తోపువైపు చిట్టచివరి గుడిసె చెంగమ్మది. మొగుడు పోయిన మనిషి, పక్కన కాళ్లు రాని ముసలిది. మెత్తనిదాన్ని చూస్తే మొత్తబుద్ధి ఎక్కడైనా ఉన్నదే. ఇక్కడ దానికి ఊరి మేలు అని పేరు. అందరూ ఆ గుడిసెను 'గండి గుడిసె' అనే పిలుస్తారు. ఆమె ఎదుటనే.

పొద్దు వాలుతుండగా జనార్దనం గొడుగేసుకుని వచ్చి మాడిన చెట్లు చూసుకున్నాడు. ఊరి పెద్ద చిన్నస్వామి తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని ఎదురెళ్లాడు.

"నడమ నాలుగు వరసలు తీసేసి, ఆకు ఊడ్చిపెడితే అగ్గి ఈడికి రాదు గదా సామీ. మా ఆడోళ్లే ఊడుస్తారు. కూలి గూడా వద్దు."

"నాలుగు వరసలా! మీ తాత నాటినాడేమయ్యా?" అన్నాడు జనార్దనం. "మీ పొయ్యిలో నిప్పే మా తోపులో పడలేదని ఏం రుజువు? అయినా మీరు గండి కొట్టుకుంటుండారు గదా. బాగానే ఆగతా ఉంది." అక్కడే చుట్ట ముట్టించుకుని, పుల్ల ఇసుకలో గుచ్చి వెళ్లిపోయాడు.

చిన్నస్వామి చెడ్డవాడు కాదు. ఇంటికిన్ని తాటాకులని ఎత్తించాడు. మనుషుల్ని పురమాయించాడు. "చీకటి పడే లోపల గుడిసె లేపేస్తాము మే. ఊరుండేది ఎందుకు?" అన్నాడు. వీధి నడుమ కాపురముండే అలమేలు మునియక్కకు గంజి తాగిస్తూ నవ్వింది.

"నీకేం చెంగమ్మా, ఏటేటా కొత్తిల్లు! నా నెత్తిన చూడు, నా పెండ్లినాటి తాటాకు."

అందరూ నవ్వారు. చెంగమ్మ కూడా నవ్వినట్టే పెదవి కదిపింది. నడిమి గుంజ, నిట్రాడు, నిలిపారు. పక్క గుంజలు పాతారు. ఆనందన్ అనే పడుచువాడు పైకెక్కి వాసాలు కడుతుంటే ఆమె కింద నిలబడి తాడు అందిస్తూ ఉంది.

"అదేం ముడి ఆనందా?"

"జారుముడి అక్కా. చిన్నసామి మామ చెప్పినాడు. కొస పట్టి లాగితే చాలు, వాసం ఊడొస్తాది. ఈ తూరి కొడవలి పెట్టి కోసే లోపల గాలి ఇటు తిరిగిపోయ. పావం, ముసలామె మంచం బయటికి లాగేదానికి గూడా టయిము చాల్లా. కొంచెంలో తప్పింది."

వాడు మంచిగానే చెప్పాడు. ఇంకో చెయ్యి కిందికి చాపి, "తాడు అందియ్యక్కా," అన్నాడు.

చెంగమ్మ అందియ్యలేదు.

"దిగు."

"ఏమక్కా?"

"దిగు నాయినా."

చిన్నస్వామి దగ్గరికొచ్చాడు. "ఏంది మే?"

"ఈడ వద్దు మామా."

"ఈడ గాకుంటే యాడ?"

వీధి నడుమ, చిన్నస్వామి గుడిసెకూ అలమేలు గుడిసెకూ మధ్య ఉన్న జాగా వైపు చూపించింది.

"ఆడ ఇరికిస్తే తాటాకూ తాటాకూ ఒకటైపోతాది గదా!"

"అయితే మీరు రవ్వంత జరగండి."

"సరి, జరిగినామనుకో. రేపు అగ్గొస్తే నిలిపేదేంది ఈడ?"

"ఖాళీ జాగా నిలుపుతాది. మీరు పీకేది ఖాళీ కోసరమే గదా. ఇప్పుడు ఖాళీగానే ఉండాది. ఇట్లే ఉండనీ."

"అడ్డంగా మాట్లాడబాక. ఊరు బాగుండొద్దా?"

"బాగుండల్ల," అంది చెంగమ్మ. "నేనూ ఊరే గదా మామా."

గట్టిగా కూడా అనలేదు. చిన్నస్వామి తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

ఆమె నిట్రాడును రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపింది. అప్పుడే పాతిన గుంజ, ఇసుక నేల. తేలిగ్గానే వచ్చేసింది. వాసాలు జారి పడ్డాయి. ఆనందన్ అప్పటికే దూకేశాడు. ఆమె గుంజను చంకకింద ఇరికించుకుని వీధిలోకి ఈడ్చుకుపోయింది. గడ్డపార తీసుకుని రెండు గుడిసెల మధ్య గుంత తవ్వడం మొదలుపెట్టింది. ఎవరూ సాయం పట్టలేదు. వద్దని చెయ్యి పట్టుకున్నవాళ్లూ లేరు. మంచం మీంచి మునియక్క, "యాడ మే, యాడ కడుతుండావు?" అని అడుగుతూనే ఉంది.

గడ్డపార ఇంకో జానెడు జరిగితే అలమేలు కోళ్ల గంపకు తగులుతుంది. అలమేలు లేచి వచ్చి, గంపను తన గోడవైపు లాక్కుంది. చోటిచ్చిందో, కోళ్లకు దెబ్బ తగలకుండా చూసుకుందో, ఆమె మొహంలో ఏమీ తెలియలేదు.