మంగతాయారు ఇంటి గాజు పెంకు

నేను ఒక గాజు పెంకును. పెంకుటింట్లో పెరిగినవాళ్లకు నన్ను పరిచయం చెయ్యక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. ఇంటి కప్పు మీద ఎర్రటి బెంగుళూరు పెంకులు బారులు తీరి ఉంటాయి కదా, వాటి మధ్య అదే ఆకారంలో, మందపాటి గాజుతో చేసిన పెంకు ఒకటి ఉంటుంది. ఎర్ర పెంకుల పని ఎండను బయట నిలబెట్టడం. నా పని అందులోంచి ఓ గుప్పెడు లోపలికి పంపడం. తీగ లేదు, స్విచ్చి లేదు, నెలాఖరున గుమ్మంలోకి వచ్చే బిల్లు లేదు. ఇంత ఉచితంగా పనిచేసిన దాన్ని మనుషులు ఎంత గౌరవించారో చెబుతాను, వినండి.

నేను పుట్టిన ఊరు గుర్తు లేదు. వేడి మాత్రం గుర్తుంది. ఆ గాజు కొలిమి మీదుగా ఎగిరిన కాకులు ఆ వేడికి నలుపంతా కరిగిపోయి, అవతలి ఒడ్డున కొంగలై వాలేవి. నమ్మకపోతే గోదావరి గట్ల మీద అన్ని కొంగలు ఎక్కణ్ణుంచి వచ్చాయో మీరే చెప్పండి.

గడ్డిలో చుట్టి, పడవలో కాలవ దారిన నన్ను నరసాపురం తెచ్చారు. అక్కడ అప్పాజీ అనే కొబ్బరికాయల వర్తకుడు నన్ను కొన్నాడు. కొన్నది అతనే గాని కోరినది అతని భార్య మంగతాయారు. ఆ ప్రాంతపు ఆడవాళ్లు చాలామందిలాగే ఆమె లేసు అల్లేది. తెల్ల దారం, చివర చిన్న కొక్కెం ఉన్న సూది, అంతే సరంజామా. తెల్ల దారంలో తెల్ల దారం దూర్చి పువ్వులు పుట్టించాలంటే మంచి వెలుతురుండాలి. అత్తవారింటి నట్టిల్లు మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగా ఉండేది. కొత్త పెళ్లాం నగ అడుగుతుందేమోనని హడలిపోతున్న అప్పాజీ, ఆమె పెంకు అడిగేసరికి మాట పూర్తి కాకముందే ఒప్పేసుకున్నాడు.

కప్పెక్కిన మొదటిరోజే కింద నేల మీద నా ఎండపొడ పడింది. పీట వేసుకోవడానికి సరిపోయేంత వెలుతురు. మంగతాయారు అందులో చాప వేసుకుని కూర్చుంది. ఆమె చేతుల మీద వెలుతురు పడింది. సూది తళుక్కుమంది. నేను ఎందుకు పుట్టానో ఆ క్షణాన నాకు తెలిసింది. మనుషుల్లో చాలామందికి ఇది ముసలితనంలో కూడా తెలియదని విన్నాను.

పొద్దున పడమటి గోడ దగ్గర మొదలైన నా ఎండపొడ సాయంత్రానికి వంటింటి గడప చేరేది. మంగతాయారు చాప దాని వెంటే జరిగేది. చుట్టుపక్కల ఆడవాళ్లు కూడా సూదులు పట్టుకుని వచ్చేవారు. కబుర్లలో పడి ఎవరూ కదలకపోతే ఆమె మోకాలితో పక్కావిడను నెట్టేది.

"జరగండే, పొద్దు జరిగింది."

అందరూ నవ్వుకుంటూ జరిగేవారు. ఎండపొడ గడప తాకిందంటే పొయ్యి రాజెయ్యాలని లెక్క. ఆ ఇంటికి గడియారాన్నీ నేనే, దీపాన్నీ నేనే. నా ఎండ ఎంత చిక్కగా ఉండేదంటే, ఓసారి పిల్లి దాన్ని మీగడనుకుని నోట కరుచుకుని వీధిలోకి ఈడ్చుకుపోయింది. దాన్ని తరిమి, గుంజుకొచ్చి, మళ్లీ నేల మీద పరిచేదాకా ఇంట్లో చీకటే. పిల్లిని అడగండి. అది ఇప్పుడు లేదనుకోండి.

ఓ గాలివానలో కొబ్బరికాయ నా మీద పడింది. కాయ రెండు చెక్కలైంది. నాకు మూల ఓ పెచ్చు ఊడింది, అంతే. మంగతాయారు నిచ్చెనెక్కి, ఎవరినీ పిలవకుండా, ఆ మూల తన చేత్తో తారు పూసింది. ఆ తర్వాత ఒక్క చినుకు కారలేదు. ఆ నల్లటి మచ్చ ఇప్పటికీ నా మూలన ఉంది. నా ఒంటి మీది నగ అదొక్కటే.

తర్వాత ఊరికి స్లాబుల మోజు పట్టింది. ఒకరు వేస్తే పక్కవాళ్లు వేశారు. అప్పాజీ కూడా పెంకులు దింపించడానికి మనుషుల్ని పెట్టాడు. వాళ్లు ఊడదీసి పెరట్లో పెట్టిన నన్ను మంగతాయారు పమిటతో తుడిచి, స్లాబులో నా అంత కన్నం ఒకటి వదలమని తాపీమేస్త్రిని అడిగింది. మేస్త్రి మొగుడి వైపు చూశాడు.

"స్లాబేయించుకునేది కన్నం ఎట్టుకోటానికా?" అన్నాడు అప్పాజీ. "ఊరు నవ్వుద్దే. నీకు రెండు ట్యూబులైట్లు ఏయిస్తా. ఇల్లంతా పున్నమిలాగుంటది."

"పున్నమిలో ఎవరైనా లేసు అల్లుతారేటయ్యా?"

అతను నవ్వాడు, మేస్త్రి నవ్వాడు. స్లాబు పడింది. నేను అటకెక్కాను.

అప్పాజీ చెడ్డవాడు కాదు. తలెత్తుకుని తిరగాలనుకున్నాడు, అంతే. ఆ స్లాబు పగలంతా ఎండ తాగి, సాయంత్రం నుంచి దాన్ని ఇంట్లోకి వదిలేది. మేడ మీద ఆరబెట్టిన అప్పడాలు వాటంతటవే వేగి, దించేసరికి తినడానికి సిద్ధంగా ఉండేవి. ఫ్యాను వేస్తే ఆ సెగను ఇంటిల్లిపాదికీ తేడా లేకుండా పంచిపెట్టేది. కిటికీకి అడ్డంగా పక్కవాళ్ల గోడ లేచింది. పట్టపగలు రెండు ట్యూబులైట్లూ వెలిగేవి. ఆమె వేసేది, బిల్లు గుర్తొచ్చి అతను ఆర్పేవాడు, ఆమె మళ్లీ వేసేది. ఆ వెలుతురు దారం మీద పడి చెదిరిపోయేదట. ఆమె అల్లినదానికంటే తప్పు పడి విప్పుకున్నదే ఎక్కువ. చుట్టుపక్కలవాళ్లు రావడం మానేశారు. ఎవరి స్లాబు కింద వాళ్లు, ఎవరి ట్యూబులైటు కింద వాళ్లు.

అప్పుడప్పుడు ఆమె అటక మీంచి నన్ను దింపి, దుమ్ము తుడిచి, మళ్లీ పెట్టేది. ఎందుకు తుడిచేదో అడిగినవాళ్లు లేరు. ఆ తుడుపు కోసం నేను ఎదురుచూసేదాన్ని.

ఓరోజు ఆమె ఇంట్లో లేనప్పుడు వీధిలో పాత సామాన్లవాడు కేక పెట్టాడు. అప్పాజీ చిల్లుపడిన బొక్కెనతో పాటు నన్నూ ఇచ్చి ఉల్లిపాయలు తీసుకున్నాడు. పాలకొల్లులో అతని కొట్లో పాత తలుపుల మధ్య, గోడకు మొహం పెట్టి ఎన్నేళ్లు పడి ఉన్నానో తెలియదు. ఎండపొడ లేనిచోట పొద్దు జరిగినట్టే ఉండదు.

అక్కణ్ణుంచి నన్ను తీసింది హైమవతి గారు. విశాఖపట్నం నుంచి వచ్చిన ఇంజనీరు. నరసాపురంలో లేసుల షావుకారు రామకోటయ్య గారికి పెద్ద షోరూం కట్టించింది. కరెంటు తక్కువ తాగే బిల్డింగు అని ఊళ్లో వింతగా చెప్పుకున్నారు. సెగ దాటకుండా జంట గోడలు లేపి మధ్యలో ఖాళీ వదిలింది. మేడ మీద ఎండను వెనక్కి కొట్టేలా తెల్ల పింగాణీ పలకల ముక్కలు పరిపించింది. నడినెత్తిన, వెలుతురు వచ్చి వేడి రాకుండా, అద్దాల కప్పు పెట్టించింది. దాని కింద, అటూ ఇటూ తెరిచి ఉన్న గోడ గూట్లో నన్ను నిలబెట్టి, ఈ బిల్డింగుకు గురువు ఈ పెంకేనని ప్రారంభం రోజున అందరికీ చెప్పింది. అప్పుడు నాకు కలిగిన గర్వం కొబ్బరికాయ పడినా పగలదు.

ఆమె విశాఖపట్నం వెళ్లిపోయింది. పట్టపగలు దీపాలు లేకపోతే కొట్టు మూసేశారనుకుంటారని షావుకారు గారికి బెంగ పట్టుకుంది. అద్దాల కప్పుకు మీట నొక్కితే మూసుకునే పరదా వేయించారు. దాని కింద వరసగా లైట్లు పెట్టించారు. గూట్లో నేను కనబడటం లేదని నా కింద కూడా ఒక బల్బు పెట్టించారు. ఇంటికి వెలుగివ్వడానికి పుట్టిన నాకు ఇప్పుడు కరెంటు పెట్టి వెలుగిస్తున్నారు. నవ్వండి, ఫరవాలేదు. నేనూ మొదట్లో నవ్వాను.

మొన్నొక మధ్యాహ్నం మంగతాయారు వచ్చింది. అల్లిన లేసు మూట షావుకారుకు అప్పగించడానికి. జుట్టు తెల్లబడింది, కళ్లకు మందపాటి అద్దాలు. నాలాంటి గాజు ఆమె కళ్ల మీదికి చేరిందన్నమాట. మూట చూసేవాళ్ల కోసం కూర్చుని, గూటి వైపు చూసింది. లేచి వచ్చింది. నా మూలన తారు మచ్చ మీద వేలు పెట్టింది.

"ఇది మా ఇంటిదండీ. ఈ తారు నేనే రాసేను. మా ఆయన ఉల్లిపాయలకి ఇచ్చేసేడు. పెంకేదయ్యా అంటే, పులుసులో ఉంది తినమన్నాడు. ఆ పులుసు నేను ముట్టలేదండి."

షావుకారు గారు సరదాగా నవ్వారు. "ఇచ్చెయ్యమంటే ఇచ్చేస్తాను మంగతాయారూ. తీసుకెళ్లి ఎక్కడ పెట్టుకుంటావు?"

స్లాబు కింద నాకు చోటెక్కడ? ఆమె వేలు మాత్రం తియ్యలేదు.

అప్పుడు కరెంటు పోయింది.

లైట్లన్నీ ఆరిపోయాయి. నా కింద బల్బూ ఆరిపోయింది. కుర్చీలు వెతుక్కోలేని చీకటి. జనరేటర్ ఎందుకో మొరాయించింది. వాచ్‌మన్ తిట్టుకుంటూ పరదాను తాడు పట్టి లాగి తెరిచాడు. అద్దాల కప్పులోంచి మధ్యాహ్నపు వెలుతురు ఏటవాలుగా దిగి, నా మీద పడి, నాలోంచి దాటి, నేల మీద పరుచుకుంది. పీట వేసుకోవడానికి సరిపోయేంత.

మంగతాయారు స్టూలు అక్కడికి లాక్కుంది. సంచీలోంచి సూదీ దారమూ తీసింది. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. ఆ చేతులు మునుపటిలా లేవు, వణుకు ఉంది. వెలుతురు పడగానే వణుకు ఆగిందని చెబితే మళ్లీ పిల్లి కథ అంటారు, అందుకని చెప్పను. ఒక పువ్వు మొదలుపెట్టింది. ఒక రేకు వచ్చింది. రెండో రేకు వస్తోంది. చూద్దామని ఇద్దరు అమ్మాయిలు దగ్గరికొచ్చి అడ్డంగా నిలబడితే, తలెత్తకుండానే మోకాలితో ఒకమ్మాయిని నెట్టింది.

"జరగండే, పొద్దు జరిగింది."

జనరేటర్ అందుకుంది. లైట్లు వెలిగాయి. ఎవరో మీట నొక్కారు, పరదా జరజరా మూసుకుంది. నా కింద బల్బు వెలిగింది. నేల మీది ఎండపొడ ఎటు పోయిందో తెలియలేదు. ఆమె సగం పువ్వును వేళ్లతో నిమిరి, కళ్లద్దాలు పెట్టుకుని, సంచీలో సర్దుకుంది. వెళ్తూ వెళ్తూ పమిట చెంగుతో నన్ను ఒకసారి తుడిచింది.

ఆ పువ్వు పూర్తి కాలేదు. వచ్చే నెల ఆమె మళ్లీ మూట తెస్తుంది. ఊరంతా కరెంటు పోకూడదని కోరుకుంటుంది. ఆమె వచ్చే మధ్యాహ్నం అది పోవాలని గూట్లో నిలబడి ఎదురుచూస్తున్నది నేనొక్కదాన్నే.